సమస్య: పగిలినట్టి పాట పగులలేదు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

పగిలినట్టి పాట పగులలేదు

'పగిలినట్టి' అంటూనే 'పగులలేదు' అంటోంది. సౌండ్ పగులుతోంది, హెడ్‌ఫోన్ పోయిందా, పాటే అలా ఉందా అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. అందుకే ఒక షరతు: పూరణలో ఒక పరీక్షో, తేల్చుకునే గుర్తో ఉండాలి. గణాలు, యతి మామూలే.

తంబుర:

హెడ్డుఫోను మార్చి యెప్పటి పాటనే
విన్న, నాదమెల్ల వెన్న వోలె;
పాతదాని పొరయె పగిలినదే కాని
పగిలినట్టి పాట పగులలేదు.

నిర్వాహకుడు: హాయిగా నడిచింది. 'యెప్పటి పాటనే' అన్న మాటలోనే ప్రాణముంది. హెడ్‌ఫోనూ పాటా రెండూ ఒకేసారి మారిస్తే ఏదీ తేలదు. ఒక్క సంగతి: పొర, అంటే హెడ్‌ఫోన్ లోపల కంపించి శబ్దం చేసే పల్చని రేకు, నిజంగా చిరగనక్కర్లేదు. తలవెంట్రుక ఒకటి జాలీలోంచి దూరి పొరకు ఆనుకుంటే చాలు, బేస్ వచ్చినప్పుడల్లా జర్రుమంటుంది. అనుమానముంటే 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే ఒంటి స్వరం పెట్టుకుని, వాల్యూమ్ తగ్గించి వినండి. అందులో వాద్యాలుండవు, మాటలుండవు. మధ్యలో ఎక్కడైనా జర్రుమంటే ఆ నేరం పాటకు అంటగట్టడానికి లేదు.

చిరుగజ్జె:

వాల్యుమంత పెంచ వణికెను లోపొర,
సగము దించి చూడ సరిగ నుండె;
భార మోపలేక పలికిన దది యట్లు,
పగిలినట్టి పాట పగులలేదు.

ఏకతార: పద్యం బాగుందండీ. కానీ వాల్యూమ్ దించితే పగులు పోయిందంటే అది హెడ్‌ఫోన్ తప్పేనా? ఫోన్‌లోని యాంప్లిఫయర్ అంత శబ్దం ఇవ్వలేక పగలగొట్టి ఉండొచ్చుగా?

నిర్వాహకుడు: ఉండొచ్చు. అదే హెడ్‌ఫోన్‌ను వేరే ఫోన్‌కో లాప్‌టాప్‌కో తగిలించి, అంతే శబ్దంతో వింటే తెలుస్తుంది. ఎలా చూసినా పాట నిర్దోషి కాబట్టి పూరణకు లోటు లేదు. ఇంకోటి, ఈక్వలైజర్‌లో (బేస్, ట్రెబుల్ పాళ్లు మార్చే సెట్టింగులో) బేస్ బాగా పైకి నెట్టి ఉంటే ఫోన్ లోపలే సిగ్నల్ హద్దు దాటిపోతుంది, తర్వాత వాల్యూమ్ దించినా పగులు అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి ముందు ఈక్వలైజర్ ఆపేసి, అప్పుడు ఈ పరీక్ష చెయ్యండి.

ఏకతార: నా ప్రయత్నం.

ఎడమ దాని మార్చి యెదుటి చెవిని బెట్ట
బరక శబ్ద మటకె పరుగుపెట్టె;
వస్తువందె కలదు పగులు నిజమ్ముగా,
పగిలినట్టి పాట పగులలేదు.

నిర్వాహకుడు: గణాలూ యతీ సరిపోయాయి. 'పరుగుపెట్టె' చాలా నచ్చింది. కానీ భావంలో చిక్కుంది, అది కాస్త వివరంగా చెప్పాలి. హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకుంటే ఎడమ గిన్నె (ఎడమ చెవి మీద ఉండే భాగం) కుడి చెవికి వస్తుంది, నిజమే. దాంతోపాటు పాటలోని ఎడమ చానల్, అంటే ఎడమ చెవికని ఉంచిన ధ్వని, కూడా కుడి చెవికే వస్తుంది. పగులు రికార్డింగులోని ఎడమ చానల్‌లో ఉన్నా సరే, అటే పరుగెడుతుంది. ఈ పరీక్ష వల్ల తేలేది ఒక్కటే, లోపం మీ చెవిలో లేదని. గిన్నెనూ చానల్‌నూ విడదీయాలంటే ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో ఆన్ చెయ్యండి. అప్పుడు రెండు గిన్నెలకూ ఒకే ధ్వని వెళ్తుంది. పగులు రికార్డింగుదైతే రెండు చెవుల్లోనూ వినిపించాలి. ఒక్క ఎడమవైపే వినిపిస్తే అది ఎడమ గిన్నెదో, దాని వైరుదో. పూరణను ఆ దారిలో సవరించగలరా?

ఏకతార: అర్థమైందండీ. మొదటి రెండు పాదాలు మార్చాను.

ఒకటె నాద మంప నుభయకర్ణములకు
పగులు వినబడినది వామమందె;
వస్తువందె కలదు పగులు నిజమ్ముగా,
పగిలినట్టి పాట పగులలేదు.

నిర్వాహకుడు: ఇప్పుడు వాదనకు ఎదురులేదు. 'వామమందె'లోని ఏకారమే పరీక్షంతా మోస్తోంది. ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే.

వెన్నెల వాకిలి:

గొంతు బాగె యుండె, కోసిరి శిఖరాలు
శబ్ద మెక్కువైన కొలత మీరి;
ఫైలు లోన తప్పు, పాడిన వారిదా?
పగిలినట్టి పాట పగులలేదు.

తంబుర: రెండో పాదంలో యతి తప్పిందండీ. 'శ'కు 'కొ'తో మైత్రి లేదు. 'గోల పెంచు నాశఁ గొలత మీరి' అంటే గో–గొ కుదురుతుంది, ఎందుకు కోశారో కూడా తెలుస్తుంది.

నిర్వాహకుడు: మంచి సవరణ. సమస్యను కొత్త వైపు నుంచి పట్టుకున్నారు: పాట వేరు, దాన్ని దింపిన ఫైలు వేరు. 16 బిట్ల సీడీలో ఒక శాంపిల్ (ఒక్కో క్షణంలో అల ఎత్తును చెప్పే అంకె) విలువ 32,767 దాటడానికి వీల్లేదు. అంతకు మించి పెంచితే అలల తలలు తెగి చదునైపోతాయి. రాక్ బృందం మెటాలికా 2008లో తెచ్చిన 'డెత్ మాగ్నెటిక్' సీడీ మీద వచ్చిన ఫిర్యాదు ఇదే. అవే పాటలు 'గిటార్ హీరో' వీడియో ఆటలో అంత నలగకుండా వినిపించడంతో, శ్రోతలు రెండూ పక్కపక్కన పెట్టి పోల్చారు. తప్పు తమ హెడ్‌ఫోన్లది కాదని అలా తేలింది.

మీరూ చూడొచ్చు. ఫైలును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిచి 'షో క్లిప్పింగ్' పెడితే తెగిన చోట ఎర్ర గీతలు పడతాయి. తెగ్గోశాక లెవెల్ తగ్గించి సేవ్ చేసిన ఫైల్లో ఎర్ర గీత రాదు. అప్పుడు బాగా జూమ్ చేసి, తలలు చదునుగా ఉన్నాయేమో కంటితోనే చూడాలి.

చిరుగజ్జె: ఇంకొకటి రాశాను.

మీటు తీగయందు మెరుపు గర్జన నిల్ప
గాయకుండె కోరి కలిపినాడు;
బాగు చేయువార! పగులది కాదయా,
పగిలినట్టి పాట పగులలేదు.

నిర్వాహకుడు: ఎలక్ట్రిక్ గిటార్‌ను కావాలని బరకగా మోగించడం! ఇది నాకు తట్టలేదు. తీగ మీటేది వాదకుడు కదా, 'కోరి వాదకుండె కూర్చినాడు' అంటే ఇంకా బిగువు. గుర్తు కూడా చెబుతాను: గిటార్ గరగరలాడుతున్నా గొంతూ డ్రమ్సూ శుభ్రంగా ఉంటే అది కోరి చేసినది. శబ్దం పెరిగిన ప్రతిచోటా అన్నీ కలిసి నలిగితే కోరినది కాకపోవచ్చు.

పాతపాట: పద్యం కాదండీ, సందేహం. మా ఇంట్లోని పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ రికార్డు నుంచి ఎక్కించిన నాటక పద్యం ఉంది. మొదలంతా బాగుంటుంది, చివరి రాగం దగ్గర గొంతు చీలినట్టుంటుంది. ఏ హెడ్‌ఫోన్‌లో విన్నా అక్కడే.

నిర్వాహకుడు: ఏ హెడ్‌ఫోన్‌లోనైనా ఒకే చోట వస్తోందంటే అది హెడ్‌ఫోన్‌ది కాదు, బహుశా రికార్డుదే. ప్లేటు తిరిగే వేగం మారదు, కానీ ముల్లు మధ్యకు పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. ఒక్క సెకను పాటకు దక్కే గాడి పొడవు తగ్గిపోయి, ముల్లు ఆ సన్నని వంపుల వెంట సరిగ్గా వెళ్లలేకపోతుంది. పద్యం చివరి రాగం సరిగ్గా అక్కడే పడుతుంది. రెండో పక్క మొదట్లో అంతే ఎత్తు రాగం ఏదైనా ఉంటే విని చెప్పండి. అది శుభ్రంగా ఉంటే అనుమానం తీరినట్టే.