హైడ్రో టెస్ట్‌కి ఏ గాస్కెట్ వేయాలి? స్పైరల్ వౌండ్ వేసినా 3 అంగుళాల నాజిల్ కారుతోంది

జీడిమెట్ల_క్యూసీ:
నమస్తే అందరికీ. మా షాపులో 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్ హైడ్రో టెస్ట్‌లో ఉంది, అంటే నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే టెస్ట్. ఫార్మా వాళ్ల ఆర్డర్. డిజైన్ ప్రెషర్ 10 బార్, ప్రెషర్ వెసెల్ కోడ్ ఏఎస్‌ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1 కాబట్టి 1.3 రెట్లు, అంటే 13 బార్‌లో నిలబడాలి. నాజిల్స్ (పైపులు కలిపే మూతులు) అన్నీ క్లాస్ 150 రెయిజ్డ్ ఫేస్ ఫ్లాంజ్‌లు, బోల్టులు బీ8 క్లాస్ 1 స్టెయిన్‌లెస్, ఫ్లాంజ్‌ల మధ్య సీల్‌గా వేసే గాస్కెట్ 316 గ్రాఫైట్ స్పైరల్ వౌండ్ (స్టీలు పట్టీ, గ్రాఫైట్ కలిపి చుట్టచుట్టిన రకం). మ్యాన్‌హోల్, పెద్ద నాజిల్స్ బాగానే ఉన్నాయి. 3 అంగుళాల నాజిల్స్ దగ్గర మాత్రం 8 బార్ దాటగానే ముందు చెమ్మ, ఆ తర్వాత చుక్కలు. స్టోర్‌వాళ్లేమో టెస్ట్‌కే కదా, 3 ఎంఎం రబ్బరు షీటు కోసి వేసేయమంటున్నారు. ఫోర్‌మ్యాన్ గారు అవే గాస్కెట్లు మళ్లీ పెట్టి గట్టిగా బిగిద్దాం అంటున్నారు. రేపు ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

విశాఖ_ఫ్యాబ్:
ముందు ఒకటి తేల్చుకోండి. టెస్ట్ అయ్యాక ఆ జాయింట్ మళ్లీ విప్పుతారా, విప్పరా? విప్పకుండా అలాగే డిస్పాచ్ చేసే జాయింట్‌కి, ఉదాహరణకి ఎక్స్‌ఛేంజర్ గర్త్ ఫ్లాంజ్‌కి (బాడీ భాగాల్ని కలిపే పెద్ద ఫ్లాంజ్), డ్రాయింగ్‌లో ఉన్న సర్వీస్ గాస్కెటే వేయాలి, ఎందుకంటే అక్కడ టెస్ట్ చేస్తున్నది వెల్డునే కాదు, ఆ జాయింట్‌ని కూడా. టెస్ట్ కోసం బ్లైండ్ (మూత ఫ్లాంజ్) పెట్టి, సైట్‌లో పైపు కలిపే నాజిల్‌కి అయితే అదే సైజులో నాన్ ఆస్‌బెస్టాస్ ఫైబర్ షీటు గాస్కెట్ వాడొచ్చు, కస్టమర్ స్పెసిఫికేషన్ ఒప్పుకుంటేనే. చాలామంది టెస్ట్‌కి కూడా సర్వీస్ రకమే కావాలని రాస్తారు, అందుకే నోట్స్ చదవండి. షీటు 1.5 ఎంఎం తీసుకోండి, 3 ఎంఎం వద్దు. మందం పెరిగేకొద్దీ లోపలి ప్రెషర్‌కి పక్కకి తోసుకుపోయే ప్రమాదం ఎక్కువ. మెత్తటి రబ్బరైతే ఇంకా ముందే జారిపోతుంది. ఇక వాడిన స్పైరల్ వౌండ్ మళ్లీ వేయడం అస్సలు వద్దు. 4.5 ఎంఎం ఉన్న వైండింగ్ ఒకసారి నలిగి 3.3 దగ్గరికి వచ్చాక మళ్లీ పైకి లేవదు.

జుబైల్_స్టాటిక్:
పై అన్న చెప్పింది కరెక్టే కానీ, మీ లీక్‌కి కారణం గాస్కెట్ కాదు బ్రదర్, బోల్టులు. క్లాస్ 150లో 3 అంగుళాల ఫ్లాంజ్‌కి ఉండేవి 4 బోల్టులే, అవీ 5/8 అంగుళం. ఆ సైజు గాస్కెట్ వైండింగ్ 4 అంగుళాల నుంచి 4.75 వరకు ఉంటుంది. అదే కోడ్ అపెండిక్స్ 2లో స్పైరల్ వౌండ్ సీటింగ్ ఒత్తిడి, అంటే గాస్కెట్ నలిగి ఫేసుకి సరిగ్గా కూర్చోవడానికి కావాల్సింది, 69 ఎంపీఏ. ఆ లెక్కన సీట్ అవడానికి దాదాపు 115 కిలోన్యూటన్లు కావాలి. బీ8 క్లాస్ 1 యీల్డ్ (బోల్టు శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యే ఒత్తిడి) 205 ఎంపీఏ, నాలుగు బోల్టులూ యీల్డ్ అయ్యేదాకా లాగినా వచ్చేది 107 లోపే. 13 బార్ నీళ్లు తోసేది చూస్తే 13 కిలోన్యూటన్లు కూడా లేదు! అంటే ప్రెషర్ ఎక్కువై కాదు, గాస్కెట్ అసలు కూర్చోకనే కారుతోంది. 4 అంగుళాలకి వెళ్తే 8 బోల్టులు వస్తాయి, అందుకే మీ పెద్దవి ఆగాయి. ఫ్లాంజ్‌ల స్టాండర్డ్ బీ16.5 కూడా ఇలాంటి తక్కువ బలం బోల్టులతో మెత్తటి షీటు రకం గాస్కెట్లే వాడమంటుంది. ఇంకా గట్టిగా బిగిస్తే బోల్టు సాగుతుంది తప్ప లీక్ ఆగదు.

జీడిమెట్ల_క్యూసీ:
అయ్యో, ఆ కోణంలో ఎవరూ చూడలేదు, థాంక్స్ అన్నా. మరి టెస్ట్ వరకు ఇంకా బలమైన బీ7 అల్లాయ్ స్టీల్ బోల్టులు వేసి ముగించేస్తే?

జుబైల్_స్టాటిక్:
బీ7 యీల్డ్ 720 ఎంపీఏ, సగానికి లాగినా 187 కిలోన్యూటన్లు వస్తాయి కాబట్టి టెస్ట్ పాస్ అవుతుంది. కానీ ఆ తర్వాత మళ్లీ బీ8 క్లాస్ 1 వేసి పంపిస్తే అదే నాజిల్ ప్లాంట్‌లో సాల్వెంట్‌తో కారుతుంది, అక్కడ కారేది నీళ్లు కాదు. డిజైన్ వాళ్లకి ఈ లెక్క పంపి బోల్టులు బీ8 క్లాస్ 2కి (అదే స్టెయిన్‌లెస్, బలం ఎక్కువ) మార్పించండి, లేదంటే గాస్కెట్ రకం మార్పించండి. ఆ రివిజన్ చేతికి వచ్చాకే టెస్ట్ పెట్టండి, ఇన్‌స్పెక్షన్ ఒకరోజు వెనక్కి జరిగినా సరే.

విశాఖ_ఫ్యాబ్:
ఒప్పుకుంటున్నా, బోల్టుల మాట నాకూ ముందే తట్టాల్సింది. ఇంకో రెండు మాటలు. తాత్కాలిక సీల్ దగ్గర కొంచెం లీక్ పరవాలేదని ఎవరైనా కోడ్‌లోని హైడ్రో టెస్ట్ క్లాజ్ యూజీ-99 చూపిస్తే నమ్మకండి, ఆ మినహాయింపు తర్వాత వెల్డ్ చేయబోయే ఓపెనింగ్‌లకే, ఫ్లాంజ్ నాజిల్‌కి కాదు. ప్రెషర్ ఉండగా స్పానర్ ముట్టుకోవద్దు, దించాకే బిగింపు, అదీ ఎదురెదురు బోల్టులు, 30, 70, 100 శాతం చొప్పున. బ్లైండ్‌కి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. స్టెయిన్‌లెస్ కాబట్టి బోరు నీళ్లు పోసేముందు క్లోరైడ్ ఎంతుందో టెస్ట్ చేయించుకోండి, మామూలుగా 50 పీపీఎం లోపు అడుగుతారు. టెస్ట్ కాగానే డ్రెయిన్ చేసి, ఆ టెస్ట్ గాస్కెట్లు తీసేసి ఫేసులు ఆరబెట్టండి. తడి గాస్కెట్ ఫ్లాంజ్ మధ్య వారాల తరబడి ఉండిపోతే ఆ సందులోనే పిట్టింగ్ మొదలవుతుంది.