అప్‌డేట్: నడుం దాకా జుట్టు, మెడ దగ్గర ఉండలు

స్మూత్‌నింగ్ (జుట్టు సాఫీగా ఉండటానికి మందు పెట్టడం) చేయించాక జుట్టు పీచులా అయిపోయిందనీ, స్కూటీ మీద రాజోలు నుంచి అమలాపురం వెళ్ళొచ్చేసరికి ఉండ కట్టేస్తోందనీ, కత్తిరించేయనా అనీ అడిగాను కదా. మూడు నెలలైంది. రెండంగుళాలే తీయించాను, చీలిన చివర్లు ఎలాగూ అతకవు. తలస్నానానికి గంట ముందు కొబ్బరినూనె. తడిజుట్టు సాగి తెగుతుందని మీరన్నాక, కండిషనర్ ఉండగానే పెద్దపళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి మొదలెట్టి మెల్లగా పైకి వస్తున్నాను. అసలు తేడా మాత్రం జడతోనే! వదులుగా అల్లి, చున్నీ చుట్టుకుని బండెక్కుతున్నా. మా బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, అందుకని ఆఖరి రెండు చెంబులూ ఫిల్టర్ నీళ్ళే. కుంకుడుకాయ మానేశాను, నా జుట్టుకి మరీ బిరుసెక్కుతోంది (మా అమ్మమ్మకి చెప్పకండేం). దువ్వెనకి ఇంకా వెంట్రుకలు వస్తున్నాయి గానీ ఉండలు కట్టడం లేదు.