జర్మనీ ఫైల్లో 1.250 అంటే ఎన్ని కిలోలు? పైథాన్‌లో అంకెలు చదివే బాధ

బ్రాడీపేట_కోడర్:
గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే వాళ్ళకి బిల్లింగ్ రాస్తున్నా. జర్మనీ పార్టీ పంపిన సీఎస్‌వీలో (పట్టికని ఉత్త అక్షరాలుగా దాచే ఫైలు) బరువు 1.250 అని ఉంది. అంటే పన్నెండొందల యాభై కిలోలు, వాళ్ళు వేలకి చుక్క, దశాంశానికి కామా పెడతారు. పైథాన్‌లో అక్షరాల్ని దశాంశ అంకెగా మార్చే ఫ్లోట్‌కి ఇస్తే ఒకటింబావు చేసి ఊరుకుంది, ఎర్రర్ కూడా రాలేదు. మన లెక్కల్లోని 1,25,000 ఇస్తే మాత్రం వాల్యూఎర్రర్. కామాలు తీసేసి చూశా, మనవి కుదిరాయి. వాళ్ళ 12,50 కాస్తా 1250 అయిపోయింది. ఎవరైనా దారి చెప్పండి.

పటమట_బ్యాకెండ్:
తమ్ముడూ, పైథాన్ లొకేల్ (ఏ దేశం అంకెలు ఎలా రాస్తుందో చెప్పే సెట్టింగ్) మాడ్యూల్‌లో అంకెలు చదివే ఏటాఫ్ ఉంది కదా అని అటు వెళ్ళకు. నేను వెళ్ళి దెబ్బతిన్నా. లాప్‌టాప్‌లో బాగానే నడిచింది, సర్వర్ మీద డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా ప్యాక్ చేసి నడిపే డబ్బా) ఆ లొకేలే ఇన్‌స్టాల్ అయి లేదు. పైగా లొకేల్ మార్చే సెట్‌లొకేల్ నడుస్తున్న ప్రోగ్రామ్ మొత్తానికి వర్తిస్తుంది. ఒక థ్రెడ్ (అదే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనుల్లో ఒకటి) జర్మన్ పెడితే పక్క థ్రెడ్‌లో మన లక్షలు కూడా జర్మన్‌గానే చదువుతుంది.
బేబెల్ లైబ్రరీలో పార్స్_డెసిమల్ వాడు. లొకేల్ ప్రతిసారీ నువ్వే ఇస్తావు. స్ట్రిక్ట్ ట్రూ పెట్టడం మర్చిపోకు, పద్ధతి తప్పిన అంకెని ఊహించి చదవకుండా ఆపుతుంది.

అరండల్‌పేట_జావా:
జావాలో ఇంకో తిప్పలు. నంబర్‌ఫార్మాట్ పార్స్ తనకి అర్థమైనంత వరకే చదివి ఆగిపోతుంది. జర్మన్ లొకేల్‌తో 1,25,000 ఇస్తే 1.25 వస్తుంది, ఎక్సెప్షన్ రాదు. ఎక్కడిదాకా చదివిందో చెప్పే పార్స్‌పొజిషన్ ఇచ్చి, చివరిదాకా చదివిందో లేదో చూసుకోవాలి. జావాస్క్రిప్ట్ పార్స్‌ఫ్లోట్ అయితే మొదటి కామా దగ్గరే ఆగి 1 ఇస్తుంది.

కృష్ణలంక_డేటా:
చివర వచ్చే గుర్తుని బట్టి లొకేల్ కనిపెట్టేస్తే సరిపోదా?

పటమట_బ్యాకెండ్:
1.250,50 లాంటిదైతే తెలుస్తుందండీ, రెండు గుర్తులూ ఉన్నాయి కాబట్టి. ఉత్త 1.250 వస్తే? మా రైతుబజార్లో కాటా మీద 1.250 పడితే కేజీంబావు వంకాయలు. అదే అంకె జర్మనీలో టన్నుంబావు. అక్షరాలు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు, పంపినవాళ్ళెవరో తెలియాలి. ఫ్రెంచ్ ఫైళ్ళు వస్తే ఇంకో జాగ్రత్త: వేల మధ్య ఖాళీ చాలాసార్లు మామూలు స్పేస్ కాదు, యూ+202ఎఫ్ అనే వేరే సన్న ఖాళీ అక్షరం. రీప్లేస్‌లో స్పేస్ ఇస్తే అది కదలదు.

బ్రాడీపేట_కోడర్:
అన్నా, కస్టమర్ టేబుల్‌లో లొకేల్ కాలమ్ పెట్టి బేబెల్‌కి మార్చా. 1.250 సరిగ్గా 1250 అయింది. పాత ఫైళ్ళు మళ్ళీ నడిపితే ఒకచోట 30.00 దగ్గర స్ట్రిక్ట్ ఆపేసి, 3.000 నా, 30,00 నా అని అడిగింది. స్ట్రిక్ట్ లేకపోతే మూడు వేలుగా వెళ్ళిపోయేదే. వాళ్ళకి ఫోన్ చేసి అడిగా, ముప్పయ్యేనట.