టెర్రస్ తలుపుకి రాత్రిపూట తాళం వెయ్యాలా, వద్దా?

బ్రాడీపేట సెక్రటరీ
గుంటూరు బ్రాడీపేటలో స్టిల్టు (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు, ఒకటే మెట్లదారి. రాత్రి పదింటికి వాచ్‌మన్ టెర్రస్ తలుపుకి తాళంకప్ప వేసి చెవి తన గదిలో పెట్టుకుంటాడు. పక్క బిల్డింగు పిట్టగోడకీ మా పిట్టగోడకీ నడుమ నాలుగడుగుల సందు, దొంగ దూకి రాగలడు. సంక్రాంతికి సగం ఫ్లాట్లు ఖాళీ అవుతాయి, తాళం ఉండాల్సిందే అని పై అంతస్తుల వాళ్లు. మంటలొస్తే ఎటు పోవాలి అని మిగతావాళ్లు. జనరల్ బాడీలో తేలడం లేదు. తిట్లు కాకుండా కారణాలు చెప్పండి.

పంపురూము
వెయ్యకూడదు. ఇలాంటి బిల్డింగుల్లో మంట ఎక్కడ మొదలవుతుందో చూడండి. స్టిల్టులో, మెట్ల పక్కన మీటర్ల బోర్డు. మే నెలలో ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అయితే లూజుగా ఉన్న లగ్గు (వైరు కొసని బిగించే ముక్క) వేడెక్కి ఇన్సులేషన్ అంటుకుంటుంది. ఆ బోర్డుని ఆనుకునే బైకులు, పాత సోఫాలు. వాచ్‌మన్ గది కూడా అక్కడే. అంటే చెవి మంట పక్కన, దాంతో పనిపడే జనం మంటకి పైన.

మన రాష్ట్రంలో నివాస భవనం 18 మీటర్లు దాటకపోతే ఫైర్ ఎన్‌వోసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, అడగరు. ఊరంతా స్టిల్టు ప్లస్ ఐదే ఎందుకు కడతారనుకుంటున్నారు? కాబట్టి మీకు మంటలార్పే నీళ్ల గొట్టం, హైడ్రెంటూ ఉండదు, రెండో మెట్లదారీ ఉండదు. మిగిలింది టెర్రస్ ఒక్కటే.

మొగల్రాజపురం
పంపురూము గారూ, పొగ నిండిన మెట్లెక్కి పైకి పొమ్మనడమే అసలు ప్రమాదం. పొగ ముందు చేరేది పై లాండింగుకే. అందులో నాలుగు గుక్కలు పీలిస్తే మనిషి అక్కడే కూలిపోతాడు. ఫ్లాట్ తలుపు తీయగానే మెట్ల మీద పొగ కనిపిస్తే మళ్లీ మూసెయ్యాలి. కింద సందులో తడి తువ్వాలు కుక్కి, రోడ్డు వైపు బాల్కనీలోకి వెళ్లి 101కి ఫోన్ చేసి, ఫ్లాట్ నంబరు చెప్పి అక్కడే నిలబడాలి. 2020 ఆగస్టులో విజయవాడలో కోవిడ్ కేంద్రంగా నడిచిన హోటల్లో పది మంది పోయారు. కింద పుట్టిన పొగ మెట్ల గుండా పైకెక్కితే ఎలా ఉంటుందో అప్పుడే చూశాం.

దొంగ మాత్రం పండక్కీ, వేసవి సెలవులకీ తప్పకుండా వస్తాడు. వాడికి తలుపు తెరిచిపెట్టి, పోకూడని దారిని కాపాడుకుందామంటారా?

పంపురూము
పొగ చిక్కబడ్డాక మెట్లెక్కమని నేనూ అనను. కానీ మొదటి రెండు మూడు నిమిషాల సంగతేంటి? ఐదో అంతస్తు వాళ్లకి టెర్రస్ ఒక్క అంతస్తు దూరం, కిందికి ఐదంతస్తులు, అదీ మంట వైపుకి. ఇంకో మాట, పొగ పైన పేరుకునేది పైన దారి లేకనే. హెడ్‌రూమ్ (టెర్రస్ మీద మెట్లకి కప్పిన గది) గోడల్లో సీలింగు కింద జాలీలు కట్టేది అందుకే. పావురాలొస్తున్నాయనీ వాన జల్లు కొడుతోందనీ వాటికి ప్లైవుడ్డో అద్దమో బిగించేస్తారు. సెక్రటరీ గారూ, తలుపు సంగతి తేలినా తేలకపోయినా రేపే అవి ఊడదీయించి పావురాల వల కొట్టించండి.

సింగ్‌నగర్
మంటల గురించే మాట్లాడుతున్నారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచినప్పుడు విజయవాడలో మా వైపు కింది ఇళ్ల వాళ్లంతా డాబాలెక్కారు. ఆహారం పొట్లాలు డ్రోన్లతో, హెలికాప్టర్లతో దించింది కూడా డాబాల మీదికే. చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఏ లాకైనా పెట్టుకోండి గానీ కరెంటు పోతే బిగుసుకుపోయే రకం మాత్రం వద్దు.

వైరింగ్ మాస్టారు
తాళమా, బార్లా తెరవడమా అని రెండే దారులున్నట్టు వాదించుకుంటున్నారు. లోపల్నుంచి ఎవరైనా చెవి లేకుండా తెరవగలగాలి, బయట్నుంచి ఎవరూ తెరవలేకపోవాలి. దీనికి పుష్ బార్ ఉంది. నడుము ఎత్తున అడ్డంగా ఉండే కడ్డీని నెడితే గడియ వెనక్కి జారుతుంది. బయట వైపు పిడి ఉండదు, చెవి పట్టే సిలిండర్ ఒక్కటే. కరెంటుతో పని లేదు. ధర నాలుగైదు వేల నుంచి మొదలవుతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతా. పైకీ కిందకీ రాడ్లు దిగే రకం కొనకండి. కింది రాడ్డు దిగే చిల్లులో ఇసుక చేరితే గడియ పూర్తిగా పడదు. పక్కకి ఒకటే లాచ్ (గడియ నాలుక) ఉండే రకం, 304 స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి. టెర్రస్ తలుపు మీద ఎండా వానా రెండూ పడతాయి, మామూలు ఇనుప లాచ్ తుప్పుపట్టి ఇరుక్కుంటుంది. తలుపు రేకు పలుచగా ఉంటే బోల్టుల దగ్గర వంగుతుంది, కాబట్టి వెనక 5 మి.మీ. పట్టీ వెల్డింగ్ చేయించి దాని మీద బిగించాలి.

సీసీ కెమెరాల వాళ్లు మాగ్నెటిక్ లాక్ అమ్మజూపుతారు. అది కరెంటు పోతే తెరుచుకునే రకమే, ప్రాణానికి మంచిదే. కానీ 280 కిలోల లాక్ 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ తాగుతుంది. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ కొత్తలో పది పన్నెండు గంటలు మోస్తుంది. మన ఎండలకి రెండు మూడేళ్లలో నీరసిస్తుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. కరెంటు పోయిన రాత్రి తలుపు దానంతటదే తెరుచుకుని కూర్చుంటుంది. పవర్ సప్లై కింద పెట్టి అర చదరపు మి.మీ. వైరు 30 మీటర్లు లాగితే పైకి చేరేసరికి వోల్టు పైనే పడిపోతుంది, పట్టు తగ్గుతుంది. తలుపుకి బిగించే ఇనుప పలకని రబ్బరు వాషరు మీద కొంచెం కదిలేలా వదలాలి. గట్టిగా బిగిస్తే పలక సమంగా ఆనదు, భుజంతో ఒక్క తోపుకి ఊడొస్తుంది. ఇన్ని చూసుకునే మనిషి ఉంటేనే అది పెట్టండి.

మొగల్రాజపురం
బార్ బాగానే ఉంది. కానీ తలుపు సందులోంచి వంచిన తీగ దూర్చి ఆ కడ్డీని లాగలేరా?

వైరింగ్ మాస్టారు
సందు వదిలేస్తే లాగుతారు. లాచ్ ఉన్న వైపు పైనుంచి కిందిదాకా సందుని కప్పేలా బయట పట్టీ వెల్డింగ్ చేయించాలి, తలుపుకి అద్దం ముక్క ఉంటే రేకుతో మూసెయ్యాలి.

మూడో అంతస్తు
పిల్లలు నెట్టుకుని పైకి పోతే? తాగేవాళ్లు అర్ధరాత్రి పైకి చేరితే? తాళం పెట్టింది దొంగల కోసం ఒక్కటే కాదండీ. తలుపు తీస్తే మోగే హూటర్ పెడదామంటే వడియాలు పెట్టేవాళ్లు, బట్టలు ఆరేసేవాళ్లు పొద్దస్తమానం తిరుగుతుంటారు. వారం తిరక్కుండా ఎవరో ఒకరు వైరు పీకేస్తారు.

వైరింగ్ మాస్టారు
అమ్మా, పీకేస్తారనేది నిజం. అందుకే టైమర్ పెట్టాలి. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా హూటర్ మోగదు. రాత్రి తలుపు కదిలితే పై లాండింగులోనూ, వాచ్‌మన్ గదిలోనూ రెండు నిమిషాలు మోగి ఆగుతుంది. తలుపుకి మాగ్నెట్ సెన్సార్, ఒక టైమర్, రెండు హూటర్లు, అంతే సరుకు. తాగేవాళ్లకి ఆ మోత చాలు. పగలు చిన్నపిల్లల సంగతికి మాత్రం హూటర్ జవాబు కాదు, పిట్టగోడ ఎత్తు కొలవండి. మీటరు కంటే తక్కువుంటే ముందు దాని మీద పైపు రెయిలింగ్ వెయ్యాలి.

కోర్టు సెంటర్
ఒక్క ముక్క. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం లెక్కలో పైకప్పూ మెట్లూ ఉమ్మడి భాగాలే. కొన్నిచోట్ల బిల్డరో, పై ఫ్లాట్ ఓనరో టెర్రస్ తమదన్నట్టు సొంత తాళం వేస్తారు. అసోసియేషన్ తీర్మానం లేకుండా అలా వెయ్యడం కుదరదు. మీరు ఏం నిర్ణయించినా మినిట్స్‌లో రాసి పెట్టుకోండి.

మొగల్రాజపురం
బార్‌కి ఒప్పుకుంటా, ఖాళీ ఇళ్ల సంగతి మాత్రం వదలను. ఊరెళ్లేవాళ్లు తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో రిక్వెస్ట్ పెడితే ఉచితంగా కెమెరా బిగించి వెళ్తారు. మా వైపు చాలామందికి ఆ సంగతే తెలియదు. పంపురూము గారికి ఇంకో ప్రశ్న: ఫ్లాట్ గుమ్మాలకి ఇనుప గ్రిల్ పెట్టి రాత్రి లోపల్నుంచి తాళంకప్ప వేసుకుంటారే, దాని గురించి ఎవరూ ఎత్తలేదేం?

పంపురూము
ఎత్తాల్సిందే, టెర్రస్ తలుపు కంటే అది పెద్ద ఉచ్చు. చీకట్లో పొగలో చెవి వెతకడం అయ్యే పని కాదు. తాళంకప్ప తీసేసి, లోపల్నుంచి చేత్తో తిప్పే నాబ్ ఉన్న లాక్ పెట్టించుకోండి. బయటివాడి చెయ్యి నాబ్‌కి అందకుండా గ్రిల్ సందులకి ఆ చోట రేకు కొట్టించాలి. మీటర్ల బోర్డు దగ్గర మంటలార్పే నాలుగున్నర కిలోల సీవోటూ సిలిండరు ఒకటి, అంతస్తుకో ఆరు కిలోల ఏబీసీ పౌడరు సిలిండరు ఉండాలి. పౌడరుది గేజి ముల్లు పచ్చలో ఉందో లేదో నెలనెలా చూడాలి. సీవోటూకి గేజి ఉండదు, తూకం వేయించాలి. స్కూటర్ల లిథియం బ్యాటరీకి ఈ రెండూ చాలవు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే పడకగదిలో ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీ పేలి మనిషి పోయాడు. ఛార్జింగు మెట్లకి దూరంగా, స్టిల్టు చివర ఆరుబయట పెట్టుకోండి.

బ్రాడీపేట సెక్రటరీ
ఇప్పుడే వెళ్లి చూశాను. మా తలుపు మెట్ల వైపు, లోపలికి తెరుచుకుంటోంది. అలాగే ఉంచి బార్ పెట్టొచ్చా?

వైరింగ్ మాస్టారు
కుదరదు. బార్‌ని నెట్టిన వైపే తలుపు పోవాలి. వెనక జనం తోసుకొస్తుంటే ముందున్నవాడు తలుపుని తనవైపు లాక్కోలేడు. ఫ్రేము ఉంచి కీళ్లు టెర్రస్ వైపుకి మార్పించండి. వెల్డరుకి ఒకపూట పని. గడప నాలుగంగుళాలు ఉంచి, పైన చిన్న సన్‌షేడ్ వేస్తే వాన నీళ్లు లోపలికి రావు. గాలికి కొట్టుకోకుండా డోర్ క్లోజర్ కూడా ఇప్పుడే బిగించెయ్యండి, లేకపోతే రెండో వానాకాలానికే లాచ్ వంకరపోతుంది.