వినేవాడు దగ్గరగా ఉంటే రహస్యంగా ఎంత పంపగలం? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంటెక్ కమ్యూనికేషన్స్ చదువుతున్నాను. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లిన రెండు బోట్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒడ్డుకి మెసేజ్‌లు పంపుతుంటే, మూడో బోటు వింటే ఎలా అన్నది నా ప్రాజెక్టు. చేపలు బాగా పడ్డ చోటు పక్కవాళ్లకి తెలియకూడదని ఎవరికైనా ఉంటుంది కదా.

పంపేది ఒక్క బోటైతే లెక్క సులువే. 1975లో వైనర్ అనే పరిశోధకుడు వేసిన దారిలో, గాసియన్ (యాదృచ్ఛిక) నాయిస్ ఉన్న ఛానెళ్లకి 1978లో వచ్చిన ఫలితం ఉంది: ఒడ్డుకీ, వినేవాడికీ ఉన్న రెండు ఛానెళ్ల కెపాసిటీల తేడాయే సీక్రెసీ కెపాసిటీ, అంటే రహస్యంగా పంపగల గరిష్ఠం. ఒడ్డుకి ఎస్ఎన్ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) 15 డీబీ, వినేవాడికి 10 డీబీ అనుకోండి. ఒడ్డు కెపాసిటీ 5.03లోంచి వినేవాడిది 3.46 తీసేస్తే ఛానెల్‌ని వాడిన ప్రతిసారీ 1.57 బిట్లు, అదీ ఏ రహస్య కీ లేకుండా! వినేవాడు దగ్గరికొచ్చి 18 డీబీ అయ్యాడా, సున్నా.

అప్పుడు వినేవాడికి అర్థం కాకుండా చేయడానికి రెండో బోటు కావాలని నాయిస్ పంపాలి. అది ఒడ్డునీ చెడగొడుతుంది, నా టెన్షన్ అంతా అక్కడే. అలైన్‌మెంట్ (అక్కర్లేని సిగ్నళ్లు ఒకదాని మీద ఒకటి పడేలా సర్దడం) వాడితే రెండు బోట్లకీ కలిపి 2/3 సెక్యూర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎస్ఎన్ఆర్ బాగా పెరిగినప్పుడు మొత్తం కెపాసిటీలో రహస్యంగా పంపగల వాటా) వస్తుందని షీ, ఉలుకుస్ అనే పరిశోధకులు నిరూపించారు. వినేవాడి ఛానెల్ (మన సిగ్నల్ అతనికి ఎలా చేరుతోందో) పంపేవాళ్లకి తెలియకపోతే అది 1/2కి పడిపోతుంది. మూడో బోటు తన ఛానెల్ మనకెందుకు చెబుతుంది? కాబట్టి నాకు పనికొచ్చేది 1/2 అనే అనుకుంటున్నాను. కానీ ఇవన్నీ ఎస్ఎన్ఆర్ అనంతానికి వెళ్లినప్పటి మాటలు.

15, 20 డీబీ దగ్గర మామూలు గాసియన్ నాయిస్ మేలా, అలైన్‌మెంట్ మేలా? పోల్చడానికి గట్టి అవుటర్ బౌండ్ (ఏ పద్ధతీ దాటలేని పై హద్దు) ఏది తీసుకోవాలి? ఈ లెక్కలు చేసినవాళ్లెవరైనా దారి చూపిస్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు.