చించిల్లా మడమకు పుండు: పసుపు పెట్టవచ్చా, ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చా?

ప్రశ్న (ప్లేనో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడేళ్ల మగ చించిల్లా (దట్టమైన మెత్తని బొచ్చుండే, ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువు) ఉంది. బూడిద రంగులో ఉంటుంది కనుక మా అమ్మాయి దానికి విభూది అని పేరు పెట్టింది. నాలుగు రోజుల క్రితం అది వెనుక ఎడమ కాలిని నేలకు పూర్తిగా ఆనించకుండా కూర్చోవడం చూశాను కానీ, నిద్రమత్తులో ఉందని అనుకుని పట్టించుకోలేదు. నిన్న రాత్రి ఒడిలోకి తీసుకుని చూస్తే మడమ కింద శనగబద్దంత మేర ఎర్రగా వాచి, మధ్యలో నల్లటి పక్కు కట్టి ఉంది. చుట్టూ వేలితో తాకితే వేడిగా తగిలింది, వెంటనే అది కాలు లాక్కుంది. కుడి మడమ కూడా గట్టిపడి సన్నని పగుళ్లు వేసింది గానీ అక్కడ ఎరుపు లేదు.

పంజరం ఎవరి దగ్గరో వాడినది కొన్నాము. రెండు అంతస్తులకూ నేల ఇనుప తీగల జాలీయే, దాని కింద పెంటికలు పడేందుకు ఒక పళ్లెం ఉంది. రెండు వారాల క్రితం విభూది బరువు 640 గ్రాములు, ఈ రోజు వంటింటి తూకం మీద 612 గ్రాములు వచ్చింది. పెల్లెట్లు (దుకాణంలో దొరికే గుళికల మేత) తింటోంది, ఎండుగడ్డి మాత్రం తగ్గించింది.

గుంటూరు నుండి వచ్చిన మా అత్తగారు పసుపు, కొబ్బరినూనె కలిపి పట్టించమంటున్నారు. మావారేమో ఇండియా నుండి తెచ్చుకున్న మందుల సంచిలో అమాక్సిసిలిన్ గొట్టాలు ఉన్నాయి, అందులో చిటికెడు పొడి నీళ్లలో కలిపి పోద్దామంటున్నారు. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేస్తే కుక్కలనూ పిల్లులనూ తప్ప వేరేవాటిని చూడబోమని అన్నారు. ఇలాంటి జంతువులను చూసే మరొక చోట మూడు రోజుల తరువాత సమయం ఇచ్చారు. అంతవరకు ఆగవచ్చా? ఇది ఇన్ఫెక్షనా, లేక ఉత్తి కాయ కాసిందా? ఈలోగా నేనేమి చేయాలి?

జవాబు 1 (ఎడిసన్, న్యూజెర్సీ)

అన్నిటికంటే ముందు ఆ అమాక్సిసిలిన్‌ను సంచిలోనే ఉంచండి. కారణం నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు, వారు చెబుతారు. నేను పదకొండేళ్లుగా చించిల్లాలను పెంచుతున్నాను కనుక నాకు తెలిసిన నేల సంగతి చెబుతాను.

మీ కథలో అసలు దోషి ఆ తీగల జాలీ అని నా అనుమానం. చించిల్లా అరికాలికి బొచ్చు ఉండదు, మెత్తని చర్మం మాత్రమే ఉంటుంది. ఆండీస్ కొండల రాళ్ల మీద ఎగిరి దూకే జంతువు శరీరభారమంతా సన్నని తీగల మీద ఆనించి గంటల తరబడి కూర్చుంటే మడమ ఒరుసుకుపోక ఏమవుతుంది? జాలీ నేల అనే అలవాటు బొచ్చు కోసం ఈ జంతువులను పెంచిన ఫారాల నుండి వచ్చింది. చాప్‌మన్ అనే అమెరికన్ 1923లో చిలీ నుండి పదకొండు చించిల్లాలను కాలిఫోర్నియాకు తెచ్చాడు, నేడు ఇళ్లలో ఉన్నవి చాలావరకు వాటి సంతతే అంటారు. ఫారంవాళ్లకు పంజరం త్వరగా శుభ్రపడటం ముఖ్యం, పాదం కాదు. మనకు ఆ తొందర లేదు కదా.

కాబట్టి ఈ రాత్రే జాలీ మీద గట్టి అట్టముక్కలైనా పరచి, వాటి పైన ఫ్లీస్ గుడ్డ బిగించండి. గుడ్డ అంచుల్లో ఊడిన దారాలు లేకుండా చూసుకోండి, ఎందుకంటే దారం వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక ఆ వేలే పోతుంది. తడిసిన అట్టను ప్రతిరోజూ మార్చాలి. మెల్లగా చదునైన పలకలు అమర్చుకోవచ్చు. తిరిగే చక్రం తీగలతో చేసినదైతే దానినీ తీసివేయండి.

ఇక మీ ప్రశ్నకు వస్తే, మా పెద్ద చించిల్లాకు రెండు మడమలూ మన నాగలి పట్టిన చేతుల్లాగా కాయలు కాసి, పగుళ్లు వేసి, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాయి. మీదీ అటువంటిదే కావచ్చు, మరీ కంగారుపడకండి.

జవాబు 2 (పశువైద్యుడు, నార్త్ కరోలినా)

నేను హైదరాబాదు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చదివి, ఇప్పుడు ఇక్కడ కుందేళ్లు, గినీపిగ్‌లు, చించిల్లాల వంటివాటిని ఎక్కువగా చూస్తున్నాను. జంతువును చూడకుండా రోగనిర్ధారణ చేయలేను. అయినా పైన చెప్పిన చివరి మాటతో ఏకీభవించలేను. కాయ కాసిన చర్మం గట్టిగా, పొడిగా, చల్లగా ఉంటుంది, నొక్కితే జంతువు పట్టించుకోదు. మీ కుడి మడమ బహుశా ఆ కోవలోది. ఎడమ మడమ వేడిగా ఉంది, వాచింది, తాకితే లాక్కుంటోంది, పైగా బరువు తగ్గింది. ఇది అరికాలి పుండులోకి సూక్ష్మజీవులు చేరిన స్థితిలాగే కనిపిస్తోంది. చాలాసార్లు కారణం స్టెఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియా. పక్కు కింద చీము దాగి, ముదిరితే స్నాయువుకూ ఎముకకూ పాకుతుంది. అప్పుడు కాలు నిలబెట్టడం కష్టమవుతుంది.

అమాక్సిసిలిన్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుండు కంటే ముందు ప్రాణం తీసేది అదే. చించిల్లా గడ్డిని జీర్ణం చేసుకునేది పెద్దపేగు మొదట్లోని సంచిలో నివసించే మంచి బ్యాక్టీరియా సాయంతో. పెనిసిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి నోటి ద్వారా లోపలికి వెళితే ఆ మంచి బ్యాక్టీరియా నశించి, క్లాస్ట్రిడియం జాతి చెడు బ్యాక్టీరియా విజృంభించి విషాన్ని విడుదల చేస్తాయి. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే జంతువు చనిపోవచ్చు. మనుషుల పిల్లలకు నిశ్చింతగా ఇచ్చే మందే కనుక ఎలుక జాతికీ చిటికెడు ఇస్తే ఏమవుతుందని అడిగేవారిని నేను చాలామందిని చూశాను. అలాగే పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ కూడా వద్దు.

పసుపు, కొబ్బరినూనెల విషయంలో మీ అత్తగారి ఉద్దేశం మంచిదే. కానీ ఇక్కడ మూడు చిక్కులు ఉన్నాయి. పెట్టిన ప్రతిదీ అది నాకేస్తుంది. ఒక్కొక్క కుదురు నుండి యాభైకి పైగా వెంట్రుకలు మొలిచే ఆ దట్టమైన బొచ్చుకు నూనె అంటితే అట్టకట్టి వదలదు. మూడవది వైద్యుడిగా నా స్వార్థం: పసుపు రంగు పట్టిన చర్మం మీద ఎరుపు ఎంతవరకు పాకిందో నాకు కనిపించదు.

ఈలోగా చేయగలిగినవి ఇవి. గోరువెచ్చని ఉప్పునీటి సెలైన్‌తోగానీ, పొవిడోన్ అయోడిన్‌ను పలుచని తేనీటి రంగు వచ్చేవరకు నీటిలో కలిపిగానీ, మెత్తని గాజుగుడ్డ ముంచి రోజుకు రెండుసార్లు ఆ పాదాన్ని మాత్రమే అద్ది, పూర్తిగా ఆరేలా పొడి గుడ్డతో ఒత్తండి. ఒళ్లు తడపకూడదు. పక్కును పీకకండి, చీము పిండే ప్రయత్నం చేయకండి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడకండి. పుండు మూసుకునేవరకు దుమ్ము స్నానం (బొచ్చు శుభ్రం చేసుకోవడానికి మెత్తని దుమ్ములో పొర్లడం) ఆపండి. పట్టుకునేటప్పుడు గట్టిగా బొచ్చు పట్టి లాగితే కుచ్చులుగా ఊడిపోతుంది కనుక రెండవవారు మెత్తని తువ్వాలులో చుట్టి పట్టుకుంటే సులువు. వేళ్ల మధ్య దారమో వెంట్రుకో బిగిసిందేమో దీపం వెలుగులో చూడండి. మోకాలి కింది భాగం వంకరగా వేలాడుతుంటే అది పుండు కాదు, ఎముక విరిగినట్టే. ఆ ఎముక పొడవుగా, దాదాపు కండ లేకుండా ఉంటుంది, జాలీలో కాలు ఇరుక్కుంటే పుల్లలా విరుగుతుంది.

మూడు రోజులు ఆగవచ్చా అన్నదానికి నా సమాధానం అది తినే గడ్డిని బట్టి ఉంటుంది. రోజూ ఒకే వేళకు తూచి రాయండి, పెంటికలు గమనించండి. అవి చిన్నవై, ఎండిపోయి, సంఖ్య తగ్గితే పేగు మందగించినట్టు. తిండి పూర్తిగా మానినా, ముడుచుకుని పళ్లు నూరుతున్నా, వాపు పైకి పాకినా, ఆ రోజే రాత్రివేళ తెరిచి ఉండే అత్యవసర ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందుగా ఫోన్ చేసి చిన్న క్షీరదాలను చూస్తారా అని అడగండి. ఏ.ఈ.ఎం.వి. అనే ఎగ్జాటిక్ క్షీరదాల వైద్యుల సంఘం జాలస్థలంలో ఊళ్లవారీగా వైద్యుల జాబితా ఉంది, అందులో వెతికితే మీకు ఇంకా ముందు సమయం దొరకవచ్చు.

ఇది టెక్సాస్ వేసవి అని మరచిపోకండి. 25 డిగ్రీల సెల్సియస్ దాటితేనే చించిల్లాకు కష్టం. కారును ముందే చల్లబరచి, గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి క్యారియర్ పక్కన పెట్టండి.

జవాబు 3 (హైదరాబాదు)

ఇక్కడ మందుల దుకాణంలో అడిగితే యాంటీబయాటిక్ చేతిలో పెట్టేస్తారు కనుక డాక్టరుగారి మాట మా ఊరివాళ్లకు ఇంకా ఎక్కువ అవసరం. నేను చేర్చగలిగింది ఒక్కటే. మా పంజరంలో కింది అంతస్తుకు పాత ఇంటి షాబాద్ బండ ముక్కను అంచులు అరగదీయించి వేశాను. చల్లగా ఉంటుంది, తడిని తుడిస్తే పోతుంది, కొరికినా ఏమీ కాదు. కరెంటు పోయి ఏసీ ఆగితే మా జంతువు నేరుగా దాని మీదికే చేరి సాగిలపడుతుంది. అయితే నేలంతా బండే వేయకండి, గట్టినేల మీదే అస్తమానం కూర్చున్నా మడమ ఒరుస్తుంది. సగం బండ, సగం గుడ్డ ఉంటే దానికి నచ్చినచోట అది కూర్చుంటుంది. మీ దగ్గర రాయి దొరక్కపోతే స్నానాల గదికి వేసే పింగాణీ పలక చాలు.

ప్రశ్న అడిగినవారు, ఐదు వారాల తరువాత

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. జాబితాలో వెతికితే ఫోర్ట్ వర్త్ వైపు ఒకరు దొరికి మరుసటి ఉదయమే చూశారు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. స్వల్పంగా మత్తు ఇచ్చి పక్కు తీస్తే దాని కింద జున్నుముక్కలాంటి గట్టి చీము వచ్చింది. దానిని పరీక్షకు పంపి, ట్రైమెథోప్రిమ్-సల్ఫా అనే యాంటీబయాటిక్ ద్రవం, నొప్పికి మెలోక్సికామ్ ఇచ్చారు. పరీక్షలో స్టెఫిలోకాకస్ అనే వచ్చింది, ఇచ్చిన మందుకు అది లొంగేదే కనుక మార్చలేదు. పాదానికి వేసిన కట్టును విభూది ఆ సాయంత్రమే కొరికి పారేసింది, మళ్లీ వేయించలేదు.

కష్టమంతా తరువాతే. మందు పట్టిన రెండవ రోజు గడ్డి పూర్తిగా మానేసి 589 గ్రాములకు దిగింది. వైద్యురాలు చెప్పినట్టు గడ్డిపొడి పిండిని జావలా కలిపి సిరంజితో పక్క పళ్ల సందులోంచి నాలుగు గంటలకొకసారి పట్టించాము. రాత్రి రెండు గంటల వంతు అత్తగారు తానే తీసుకున్నారు. మూడు రోజులకు పెంటికలు మళ్లీ లావయ్యాయి. రోజూ మా అమ్మాయి రహస్యంగా పెట్టే ఎండుద్రాక్షల సంగతి కూడా అప్పుడే బయటపడింది. వైద్యురాలు వాటిని పూర్తిగా ఆపించారు.

ఇప్పుడు పుండు మూసుకుని గులాబీరంగు చర్మం వచ్చింది, బరువు 627 గ్రాములు. జాలీ పూర్తిగా తీసేసి చెక్కపలకలు, రెండు పింగాణీ పలకలు వేశాము. కుడి మడమ కాయ అలాగే ఉంది. దానిని కదిలించవద్దని, ఎర్రబడితే మాత్రం తీసుకురమ్మని అన్నారు. ప్రతి ఆదివారం రెండు పాదాలనూ ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను.