డిస్కో నైట్: జుట్టు, మేకప్, బట్టల వాలంటీర్లు ఇక్కడ మాట్లాడండి

అందరికీ నమస్కారం. మార్చిలో మన సంఘం చేస్తున్న 70ల నాటి డిస్కో నైట్‌కి జుట్టు, మేకప్, బట్టల బాధ్యత నాకు ఇచ్చారు కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. రంగురంగుల ఆఫ్రో విగ్గులు, అంటే నల్లజాతి వాళ్ల గుండ్రంగా ఉబ్బిన ఉంగరాల జుట్టులాంటివి, ఆర్డర్ పెట్టొద్దు. నలభై విగ్గులు ఇప్పటికే కార్ట్‌లో ఉన్నాయట, దయచేసి తీసేయండి. ఆఫ్రో వేషం కాదు. 60ల చివర్లో, 70ల్లో ఇక్కడ అమెరికాలో నల్లజాతి వాళ్లు జుట్టును మందులు పెట్టి సాగదీసుకోవడం మానేసి, పుట్టుకతో వచ్చిన జుట్టును అలాగే పెంచుకుని తలెత్తుకు తిరిగారు, అసలు డిస్కో మొదలైందే న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్లు, లాటినోలు, గే కుర్రాళ్లు చేరి డాన్స్ చేసుకునే చోట్ల. మన పిల్లల నల్లజాతి క్లాస్‌మేట్లు కూడా ఆ రోజు వస్తున్నారు. వాళ్ల జుట్టును మనం కొనుక్కుని నెత్తిన పెట్టుకుని ఫోటోలు దిగుతుంటే వాళ్లకెలా ఉంటుంది?

విగ్గు లేకుండానే బోలెడంత చేయొచ్చు. 1976లో టీవీ నటి ఫారా ఫాసెట్ ఎర్ర స్విమ్‌సూట్ పోస్టర్ వచ్చాక అమెరికాలో ఆడపిల్లలందరికీ ఆ ఈకల్లాంటి జుట్టే కావాల్సొచ్చింది. అది మనం చేసుకోగలం.

కల్చరల్ టీమ్: అక్కా, మా అత్తయ్యకి జుట్టు నడుము దాకా ఉంది, ఎప్పుడూ కట్ చేయించలేదు. వస్తుందా?

వస్తుంది అమ్మా, కత్తెర అక్కర్లేదు. మధ్య పాపిట తీసి, ముందు వైపు రెండు పాయలు మాత్రం తీసుకో, పెద్ద హాట్ రోలర్ల మీద ముఖానికి అవతలి వైపుకి చుట్టు. రోలర్ పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు, అదే అసలు కిటుకు, వేడి మీద విప్పితే పది నిమిషాల్లో సాగిపోతుంది. విప్పాక వేళ్లతో వెనక్కి దువ్వి స్ప్రే కొట్టు. మిగతా జుట్టు వదులుగా వేసి ఒక పక్క పూలు పెట్టేయ్, అత్తయ్యగారికి చాలా బాగుంటుంది. తలకి నూనె రాసుంటే మాత్రం ముందు రోజే తలస్నానం చేయించు.

యూత్ టీమ్: ఐ షాడో అందరికీ లేత నీలమేనా?

వద్దు. ఆ మెరిసే లేత నీలం మన చామనఛాయ మీద బూడిద రాసినట్టు కనపడుతుంది. పోయినేడాది నాటకానికి నేనే వేసి చూశాను, స్టేజి లైట్లు పడగానే పిల్లలు జ్వరం వచ్చినవాళ్లలా కనిపించారు. అప్పటి నల్లజాతి గాయనులు డోనా సమ్మర్, డయానా రాస్ ఫోటోలు చూడండి, మనకి దారి చూపించేది వాళ్లే. నెమలి కంఠం రంగు, రాగి, వంకాయ రంగు తెప్పిద్దాం. బ్లష్ బుగ్గ మీద గుండ్రంగా కాదు, చెంప ఎముక మీదుగా కణత దాకా లాగాలి, ఆ రోజుల్లో ముఖానికి ఆకారం దానితోనే తెచ్చేవాళ్లు. పెదాలకి గ్లాస్ మెరుపు లిప్ గ్లాస్. కనుబొమలు అప్పట్లో దారంలా సన్నగా పీకించుకునేవాళ్లు, దాని జోలికి వెళ్లొద్దు, మళ్లీ మొలుస్తాయన్న నమ్మకం లేదు. మస్కారా ఒకరిది ఒకరికి వేయొద్దు, వాడి పారేసే బ్రష్‌లు రెండు వందలు కొంటున్నాను, కాటుక ఎవరిది వాళ్లే తెచ్చుకోండి.

ట్రెజరర్: హాల్ వాళ్ల కాంట్రాక్టులో గ్లిటర్ నిషేధం అని రాసుంది.

మంచిది, పొడి గ్లిటర్ మానేద్దాం. మెరుపంతా బట్టల్లోనే రానివ్వండి. డయాన్ ఫాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ అనే డిజైనర్ 1974లో తెచ్చిన ర్యాప్ డ్రెస్‌కి జిప్పూ లేదు, గుండీలూ లేవు, చుట్టి నడుము దగ్గర ముడి వేసుకోవడమే. చీర కట్టే మనకి అది కొత్తేం కాదు. హాల్స్టన్ అనే డిజైనర్ కుట్టిన హాల్టర్ గౌన్లు (మెడ వెనక ముడి వేసుకునేవి) 1977లో న్యూయార్క్‌లో తెరిచిన స్టూడియో 54 అనే డిస్కో క్లబ్‌లో వెలిగిపోయాయి. సాదా జార్జెట్ చీర మీదికి హాల్టర్ బ్లౌజ్ వేస్తే ఆ కళ వచ్చేస్తుంది. మగవాళ్లకి 'శాటర్డే నైట్ ఫీవర్' సినిమాలో తెల్ల త్రీపీస్ సూట్ తెలిసిందే, నల్ల చొక్కా కాలర్ కోటు మీదికి తీసి పరిస్తే చాలు. అది పాలిస్టర్, ఇస్త్రీ అక్కర్లేదు కానీ గాలాడదు, ఏసీ పెంచమని హాల్ వాళ్లకి ముందే చెప్పాలి.

సీనియర్స్ గ్రూప్ నుంచి ఒక మామయ్యగారు: 1978లో నేను ఎం.ఎస్.కి వచ్చినప్పుడు సూట్‌కేసులో మూడు బెల్ బాటమ్‌లు తెచ్చుకున్నానమ్మా, విజయవాడలో కుట్టించినవి. అంచు నేలకి రాసుకుని చిరగకుండా మా టైలర్ కింద లోపలి వైపు చుట్టూ జిప్ వేసి కుట్టేవాడు. ఒకటి ఇంకా ఉంది.

మామయ్యగారూ, దాన్ని తప్పకుండా తీసుకురండి! ఆ జిప్ దగ్గర నుంచి ఫోటో తీసి ఎంట్రన్స్ దగ్గర పెద్దగా పెడదాం. అప్పట్లో ఇక్కడికొచ్చిన పెద్దవాళ్ల ఆల్బమ్‌లలోంచి ఫోటోలు కావాలి, ఎవరైనా స్కాన్ చేయగలరా? బెల్ బాటమ్ లేనివాళ్లు పాత ప్యాంటుకి మోకాలి కింద పక్క కుట్టు విప్పి మూడు మూలల గుడ్డముక్క అతికించుకోండి, కుట్టుమిషన్ మా ఇంట్లో ఉంది. ఎత్తు ప్లాట్‌ఫారం చెప్పులు మాత్రం పెద్దవాళ్లకి వద్దు, ఆ ఫ్లోర్ జారుతుంది.

ట్రయల్ ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకి, మా బేస్‌మెంట్‌లో. రోలర్లు ఉన్నవాళ్లు పేరు ఇక్కడే రాయండి, ఇప్పటికి రెండు సెట్లే ఉన్నాయి, ఆరు కావాలి.